గడ్డిమందు మందు గాదు

గత సంవత్సరము శ్రావణమాసమున ఒక సోమవారమునాడు తొమ్మిదవ తరగతిలో పాఠము చెప్పుచుండగా, వెనుక వరుసలోని విద్యార్థి యొకడు వీపు దేనికిని ఆనింపక కొయ్యవలె నిటారుగా కూర్చుండి యుండుట నా కంటబడెను. కారణ మడుగగా వాడు సిగ్గుపడి తల వంచుకొనెను. తరగతి ముగిసిన పిమ్మట చొక్కా యెత్తి చూపినాడు. నడుమునకు పైన అఱచేతి వెడల్పున చర్మము కమిలి, పొక్కి, ఊడి యున్నది. ముందునాడు తండ్రికి జ్వరము వచ్చుటచే, వాడే పంపు వీపున తగిలించుకొని పత్తిసాళ్ల నడుమ గడ్డిమందు కొట్టెనట. పంపు మూత వదులై, మధ్యాహ్నము వఱకు ఆ ద్రవము వీపుమీదికి కారుచునే యుండెనట. "వెంటనే కడుగుకొనవలదా?" అంటిని. "గడ్డిమందే గదా సార్! పురుగుమందు గాదు గదా!" అని వాడు బదులు చెప్పెను.

వానిని ఆ దినమే ఆసుపత్రికి పంపితిమి, గాయము మానినది. కాని వాని మాట మాత్రము నన్ను విడువలేదు. వాడు తెలివిగలవాడు. వాని తర్కమును చూడుడు: పురుగు ప్రాణి గనుక పురుగుమందు ప్రాణులకు హాని చేయును, గడ్డిమందు గడ్డినే చంపును గనుక మనుష్యునకు భయము లేదు. ఈ తర్కమందలి దోషము వానిది గాదు, మన వాడుకది. తల్లి బిడ్డ నోట పోయునది మందు. వైద్యుడు చీటిపై వ్రాయునది మందు. అదే పేరును మనము ఒక విషమునకు పెట్టితిమి. పేరు మెత్తబడగానే భయము పోయినది. భయము పోగానే జాగ్రత్త పోయినది. కలుపును చంపు ఈ ద్రవములను మనము విషములని పిలిచి, విషములవలెనే చూడవలయునని నా యభిప్రాయము.

గడ్డిమందులన్నియు ఒక్కటి గావు. 1940 దశకమున వెలువడిన 2,4-డి అనునది వెడల్పాకు మొక్కల పెరుగుదలను అదుపు తప్పించి చంపును. 1962లో అంగడికి వచ్చిన పారాక్వాట్ ఎండ తగిలిన కొన్ని గంటలలోనే ఆకును మాడ్చును. 1974లో వచ్చిన గ్లైఫోసేట్ ఆకునుండి వేరు వఱకు దిగి, మొక్క తనకు కావలసిన కొన్ని అమైనో ఆమ్లములను తయారుచేసికొనకుండ అడ్డగించును. ఆ తయారీ మార్గము మనుష్య శరీరమున లేదు గనుక గ్లైఫోసేట్ మనకు నిరపాయమని కొందఱు వర్తకులు చెప్పుదురు. ఆ మాటలో సత్యము కొంత గలదు, పూర్ణసత్యము లేదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ దానిని మనుష్యులకు బహుశః క్యాన్సరు కలిగించు పదార్థముల తరగతిలో చేర్చెను. అమెరికా, ఐరోపా నియంత్రణ సంస్థలు ఆ నిర్ణయముతో ఏకీభవింపలేదు. పండితుల నడుమ వాదము తెగకుండగా, ప్రతిదినము పంపు మోయువాడు జాగ్రత్తవైపు నిలుచుటయే వివేకము. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము గ్లైఫోసేట్‌ను చీడనివారణ పనివారు దప్ప ఇతరులు వాడరాదని ఉత్తరువు వెలువరించుటకు మనుష్యులకును పశువులకును కలుగు హానియే కారణముగా చెప్పబడెను.

పారాక్వాట్ విషయమున వాదమునకు తావే లేదు. అది లోనికి పోయినచో మూత్రపిండములను, కాలేయమును చెఱచి, ఊపిరితిత్తులలో చేరి వానిని గట్టిపడజేయును. దానికి విరుగుడు కనుగొనబడలేదు. పుండు పడిన చర్మమునుండియు అది రక్తములో చేరగలదు. మా విద్యార్థి వీపున కారిన దానిని తలచుకొన్నపుడెల్ల నాకిప్పటికిని గుండె జల్లుమనును.

ఇతరులకు బోధించువాడు తన యిల్లు చూచుకొనవలెను గదా! దసరా సెలవులకు మా యూరికి పోయి, పశువుల కొట్టమున వెదకితిని. చూరులో ఒక శీతలపానీయపు సీసా చెక్కియుండెను. దాని అడుగున నాలుగు వ్రేళ్ల లోతు ద్రవము. సీసాపై పండ్ల బొమ్మ అట్లే మెఱయుచున్నది. దాని క్రిందనే అయిదేండ్ల మా మేనల్లుడు ఆడుకొనుచున్నాడు. "బాపూ, ఇదేమి?" అని యడుగగా, "మిగిలిన గడ్డిమందు, అంత వెలపెట్టి కొన్నది పారబోయ మనసొప్పలేదు" అని మా తండ్రిగారు చెప్పిరి. నేను కోపముతో ఏదో అనబోగా ఆయన శాంతముగా నిట్లనిరి: "కలుపు తీయుటకు మనుషులను తెచ్చిపెట్టుము, రేపటినుండి దీనిని ముట్టను. ముసురు పట్టి వారము దినములు చేనిలో అడుగు పెట్టలేకపోతిమి. గడ్డి పత్తిని మింగినది. అప్పులవాడు మాత్రము ఆగునా?"

నా కోపము చల్లారినది. ఆయన చెప్పినది నిజము. ఎండలో వంగి కలుపు తీసిన స్త్రీల నడుముల నొప్పి యెఱిగినవా డెవ్వడును, చేతితో తీయుటే సుఖమని చెప్పడు. కావున ఈ ద్రవములను నేటినుండి ఎవ్వరును వాడరాదని నేను వ్రాయుట లేదు. సాళ్ల నడుమ గుంటకయో దంతెయో తోలుట, వరిలో కలుపు తీయు చిన్న యంత్రము నడపుట, పత్తి నడుమ పెసరయో మినుమో వేసి నేలను కప్పుట మొదలైన ఉపాయములతో తీరినంత తీర్చుకొని, తీరనిచోట మాత్రమే దీనిని వాడవలెనని నా మనవి. కాని వాడినపుడు విషమును వాడుచున్నామని యెఱిగి వాడవలయును.

ఆ సెలవులలోనే మఱియొక సంగతి చూచితిని. మా చెల్లెలు బతుకమ్మకు పూవులు తెచ్చుటకై చేలలోనికి పోయినది. తంగేడు గుట్టలపైనను బీళ్లలోను పెరుగునది గనుక దొరకినది. గునుగు మాత్రము చేలలో కలుపుగా మొలచునది. ఉదయమంతయు తిరిగినను పిడికెడు పూవులే దొరకినవి. మా చిన్ననాట అదే చేనినుండి గంగవాయిలి కూర, పొన్నగంటి కూర కొంగున కట్టి తెచ్చిన అవ్వలుండిరి. కూర కొనలేని యింటికి ఆ కలుపే కూర. మందు రోగమును వెదకి పట్టును. విషమునకు అట్టి విచక్షణ లేదు, గట్టు దాటరాదని దానికి తెలియదు. ఒక చేనిలో కొట్టిన 2,4-డి గాలికి తేలి ప్రక్క పత్తిచేనిపై పడినచో ఆ పత్తియాకులు వికారముగా ముడుచుకొని సన్నబడును. గ్లైఫోసేట్ కొన్ని తయారీలలో ఆకునకు పట్టుటకై కలుపు సబ్బువంటి పదార్థము కప్పలకును చేపలకును కీడు చేయును. పంపును చెఱువులో కడుగువారు దీనిని గమనింపవలెను. మొక్కజొన్నలో వాడు అట్రజిన్ భూగర్భజలములో చేరుచున్నదను కారణమున ఐరోపా సమాఖ్య 2004లో దానికి అనుమతి నిరాకరించెను.

ఇక విద్యార్థులకు కొన్ని మాటలు. మీ యింట చదువు వచ్చినవారు మీరే కావచ్చును. కావున డబ్బాపై గుర్తు చదివి పెద్దలకు చెప్పుట మీ పని. పంపు మోయుట మాత్రము మీ పని గాదు. ప్రతి డబ్బాపైనను వజ్రాకారపు గుర్తు గలదు. దాని క్రింది సగము ఎఱుపైనచో అత్యంత విషము, పసుపైనచో అధిక విషము, నీలమైనచో మధ్యమము, ఆకుపచ్చయైనచో స్వల్పము. స్వల్పమనగా విషము గాదని యర్థము గాదు.

తలిదండ్రులకు నా విన్నపము. నీటితో నింపి చూచి, కారు పంపును బాగు చేయించిన గాని వాడవలదు. నిండు చేతుల చొక్కా, రబ్బరు తొడుగులు, బూట్లు, ముక్కునకు గుడ్డ, కండ్లకు అద్దములు లేనిదే పంపు తగిలింపవలదు. చేతితో కలుపవలదు, కఱ్ఱతో కలుపుడు. గాలి లేని ప్రొద్దుటి వేళనో సాయంకాలమో కొట్టుడు. గాలికి ఎదురుగా నడువవలదు. నాజిలు పూడుకొన్నచో నోట ఊదుట మన పల్లెలలో అలవాటు; అది విషపుగిన్నెను పెదవికి తాకించుటయే. నీటితోనో మెత్తని బ్రష్షుతోనో దానిని శుభ్రపఱచుడు. పని నడుమ బీడీ త్రాగవలదు, అన్నము తినవలదు. ఇల్లు చేరగానే సబ్బుతో స్నానము చేసి, ఆ బట్టలను వేరుగా ఉదుకుడు. ఖాళీ డబ్బాను మూడుసారులు కడిగి ఆ నీరు పంపులోనే పోసి చేనిలో చల్లుడు. పిదప డబ్బాను పగులగొట్టి ఊరికిని నీటికిని దూరముగా పాతిపెట్టుడు. అన్నిటికన్న ముఖ్యము: కావలసినంతయే కొనుడు. మిగిలినదానిని దాని డబ్బాలోనే, తాళము వేసిన పెట్టెలో, నివసించు ఇంటికి వెలుపల ఉంచుడు. త్రాగు సీసాలో ఎన్నడును పోయవలదు.

పొరబాటున ఎవరైన మ్రింగినచో ఉప్పునీరు పోసి కక్కించు ప్రయత్నము చేయవలదు. 108కి కబురు చేసి, ఆ డబ్బాను వెంట తీసికొని తత్‌క్షణమే ఆసుపత్రికి పోవలెను. ఏ విషమో తెలిసినగాని వైద్యునకు దారి దొరకదు.

చెప్పుటకు కష్టమైనను చెప్పక తీఱని మాట యొకటి మిగిలినది. చూరులోని సీసా బాలునికి మాత్రమే అపాయము గాదు. అప్పుతోనో అవమానముతోనో, పరీక్షలో తప్పితినను దుఃఖముతోనో మనసు చెదరిన క్షణమున అది పెద్దలకును చేతికందును. అట్టి క్షణము గడచిపోవును; విషము తిరిగిరాదు. శ్రీలంక 2008 మొదలు 2011 వఱకు పారాక్వాట్‌ను మఱి రెండు పురుగుమందులతో కూడ క్రమముగా నిషేధించెను. ఆ పిమ్మట అచ్చట విషము మ్రింగి మరణించువారి సంఖ్య తగ్గినది. దక్షిణ కొరియాలో 2012లో పారాక్వాట్ విక్రయము నిలిచిన తరువాతను అట్లే జరిగెను. మన దేశమున కేరళ ప్రభుత్వము 2011లోనే దానిని నిషేధించెను. సీసా చేతికి దూరమైనచో ప్రాణము నిలుచునని ఈ దేశముల యనుభవము చెప్పుచున్నది. మనసు కలతపడినవారు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును. అంతకు ముందు ఇంటివారితోనో, మాతోనో ఒక్కమాట చెప్పవలెను. మా తలుపు మూయబడి యుండదు.

చట్టము అంగడికి తాళము వేయగలదు. మన చూరునకు వేయజాలదు. అది మన పనియే. మా యింటి సీసాను ఆనాడే తీసి, దానిలోనిది ఇంక ఎవ్వరి చేతికిని అందకుండ తాళపు పెట్టెలో పెట్టితిమి. పెట్టె మూతపై మా తండ్రిగారు తమ చేతితోనే, పెద్ద యక్షరములతో, "గడ్డివిషము" అని వ్రాసిరి. ఈ సంచిక చదివిన ప్రతి విద్యార్థియు నేటి సాయంకాలము తన యింటి చూరు, కొట్టము, అటుక ఒక్కసారి వెదకి చూచునుగాక. దొరకినదానిని తాను ముట్టక, పెద్దలను పిలిచి చూపి, దాని నిజమైన పేరు వారికి చెప్పవలెను.