పెరటి పొయ్యిలో పెల్లెట్లు: ముందు గాలికి దారి



అంతర్వేదిలో మేముండే వీధిలో గ్యాసు పొయ్యి లేని ఇల్లు లేదు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం వచ్చాక వంటగదుల్లో పొగ చాలావరకు తగ్గింది. అయినా పెరటిలోని గోతి పొయ్యి ఎక్కడికీ పోలేదు. తెల్లవారుజామున కాగుతో నీళ్ళు కాచుకోవాలన్నా, పండుగకు పిండివంటలు వండాలన్నా, సంఘ విందుకు గాడిపొయ్యి మీద పెద్ద గుండిగలు ఎక్కించాలన్నా అదే దిక్కు. కొబ్బరి కమ్మలు, డొక్కలు, చిప్పలు, సరుగుడు పుల్లలు, ఏది చేతికందితే అది వేసి ఊదడం మనకు అలవాటు.

ఆ ఊదడంలోనే మన ఇంటి స్త్రీల కళ్ళు, ఊపిరితిత్తులు పాడవుతున్నాయి. ఇళ్ళలోని పొయ్యిల పొగ వలన 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షలమంది మరణించారనీ, వారిలో అయిదేళ్ళలోపు పసివారే 2 లక్షల 37 వేలకు పైగా ఉన్నారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. పెరటి పొయ్యి పొగ బయటికే పోతుంది గదా అని మనం సరిపెట్టుకుంటాము. కాని ఊదేవారి ముఖం ఆ పొయ్యికి జానెడు దూరంలోనే ఉంటుందని మరచిపోతాము.

అందుచేత కిందటి డిసెంబరులో మా మేనల్లుడు రెండు బస్తాల పెల్లెట్లు తెచ్చి, "అత్తయ్యా, ఇవి వేస్తే పొగే రాదు" అన్నప్పుడు మేమెంతో సంతోషించాము. పెల్లెట్లు అంటే ఏమిటో తెలియనివారి కోసం చెబుతాము. రంపపు పొట్టును గాని, ఊకను గాని, వేరుశనగ తొక్కలను గాని బాగా ఎండబెట్టి, పొడిచేసి, చిల్లుల అచ్చు గుండా గట్టిగా నొక్కి తీసిన చిన్న కడ్డీలివి. నొక్కేటప్పుడు పుట్టే వేడికి కట్టెలో సహజంగా ఉండే జిగురువంటి పదార్థమే మెత్తబడి పొడిని అంటిస్తుంది. కట్టె పెల్లెట్లు సాధారణంగా 6 లేక 8 మిల్లీమీటర్ల లావుంటాయి. మంచి రకంలో తేమ నూటికి పది పాళ్ళు మించదు. మనం వాడే పచ్చి కట్టెలోనైతే సగం వరకు నీరే ఉండవచ్చు. ఆ నీరు ఆవిరయ్యేదాకా మంట మండదు, పొగ ఆగదు.

చూడడానికి అచ్చం పశువుల దాణాలాగే ఉన్నాయి. మా గేదె తాడు తెంపుకొని బస్తా మీదికి వచ్చింది కూడా. దాణా ఉంచే చోట వీటిని ఉంచవద్దని మేము నేర్చుకున్న మొదటి పాఠం అదే.

రెండవ పాఠం అంత తేలికగా రాలేదు. గోతిలో ఐదారు కిలోల పెల్లెట్లు కుప్పగా పోసి, కొంచెం కిరోసిను చల్లి వెలిగించాము. పైన కిరోసిను ఉన్నంతసేపు మంట చక్కగా వచ్చింది. అది అయిపోగానే కుప్ప నల్లబడి, తెల్లని చిక్కటి పొగ పెరడంతా కమ్మింది. మా అత్తగారికి అసలే దగ్గు. అలవాటు చొప్పున ఆమె ఊదుగొట్టం తీసుకొని వంగి రెండుసార్లు ఊదారు. మూడవసారికి ఆ పొగ మొత్తం భగ్గుమని అంటుకుంది. దేవుని దయవలన కనుబొమలు, కొంగు అంచు మాత్రమే కాలాయి. మంచినీళ్ళు తాగించి కూర్చోబెట్టాక ఎవరికీ మాట రాలేదు.

జరిగినదేమిటో తరువాత ఆలోచించగా అర్థమయ్యింది. కట్టె వేడెక్కినప్పుడు ముందుగా వచ్చేది మండే వాయువులు. వాటికి తగిన గాలి, వేడి అందితే మంట. అందకపోతే పొగ. అంటే ఆ తెల్లని పొగ కాలని ఇంధనమే. కమ్మలు, పుల్లలు వేసినప్పుడు వాటి మధ్య సందులుంటాయి గనుక గాలి ఎటునుండైనా దూరుతుంది. పెల్లెట్లు ఇసుకలాగా ఒత్తుగా సర్దుకుంటాయి. గోతి అడుగున గాలికి దారే లేదు. అలా పోగుపడిన వేడి పొగకు ఒక్క నిప్పురవ్వ చాలు.

ఆ సాయంత్రం మా అత్తగారే దారి చూపారు. "మా అమ్మ పొట్టు పొయ్యి కూరేటప్పుడు చూడలేదా మీరు? మధ్యలో సీసా నిలబెట్టకుండా పొట్టు కూరితే వెలిగేదా?" అన్నారు. నిజమే. రేకుడబ్బాకు కింద పక్కగా ఒక రంధ్రం చేసి, అందులోనుండి ఒక కర్ర, పైనుండి ఒక సీసా పెట్టి, చుట్టూ రంపపు పొట్టును గట్టిగా కూరి, తరువాత రెండింటినీ మెల్లగా లాగివేసేవారు. ఆ ఖాళీ దారిగుండా గాలి కిందనుండి వచ్చి పైకి పోయేది. పెల్లెట్టు అంటే నొక్కిన పొట్టే గదా! మన అమ్మమ్మలకు తెలిసిన సంగతిని మేము మరచిపోయాము.

మరునాడు రాజోలు వెళ్ళి వెల్డింగు చేసే అబ్బాయికి సంగతి చెబితే, "ఆయ్, అడుక్కి బెజ్జాలెట్టకపోతే మంటెలా వస్తుందండీ?" అని నవ్వాడు. అతనూ, మేమూ కలిసి చేసుకున్న ఏర్పాటు ఇది.

1. బుట్ట: మూడు మిల్లీమీటర్ల మందం గల మామూలు ఇనుప రేకుతో, 10 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల లోతు ఉండేలా గుండ్రని బుట్ట. అడుగంతా 5 మిల్లీమీటర్ల బెజ్జాలు. అంతకంటే పెద్దవైతే పెల్లెట్లు జారిపోతాయి. అంచుకు అంగుళంన్నర కింద చుట్టూ కొంచెం పెద్ద బెజ్జాలు ఒక వరుస. కింది గాలి నిప్పును నిలబెడుతుంది, పై గాలి పొగను కాలుస్తుంది. ఈ రెండవ వరుస మరువవద్దు.

పాత జీఐ బకెట్టుకు బెజ్జాలు పెడితే చాలదా అని కొందరు అడిగారు. వద్దు. దానికి జింకు పూత ఉంటుంది. ఎక్కువ వేడికి ఆ పూతనుండి వచ్చే పొగ పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి. రంగు డబ్బాలు కూడా పనికిరావు.

2. గొయ్యి: మాది ఇసుక నేల. అంచులు జారుతాయి, వానాకాలంలో అడుగున నీరు ఊరుతుంది. కనుక లోతు తగ్గించి, చుట్టూ ఇటుకలు పేర్చి, నేలకు జానెడు ఎత్తు లేపాము. సిమెంటు ఒర పెడితే వేడికి పగులుతుంది. తడి రాళ్ళు పేలవచ్చు. కాల్చిన ఎర్ర ఇటుకే మంచిది.

3. గాలి గొట్టం: మూడంగుళాల ఇనుప గొట్టాన్ని సముద్రం వైపు నేలమీది నుండి గోతి అడుగుకు ఏటవాలుగా దింపాము. బుట్టను మూడు ఇటుకల మీద ఉంచాము. దాని కింద నాలుగు అంగుళాల ఖాళీ ఉండవలెను. బూడిద నిండి ఆ ఖాళీ మూసుకుపోతే పొగ మళ్ళీ మొదలవుతుంది.

4. గిన్నె: కాగును బుట్ట అంచుమీద పెట్టవద్దు. ఇటుకల మీద నిలబెట్టి, బుట్టకూ కాగుకూ మధ్య మూడు నాలుగు అంగుళాలు వదలవలెను. లేకపోతే మంట ఉక్కిరిబిక్కిరై మసి కడుతుంది.

వెలిగించే పద్ధతి మన అలవాటుకు తలకిందులు. బుట్టలో మూడింట రెండు వంతులు మించకుండా పెల్లెట్లు పోసి, పైన కొబ్బరి పీచు, నాలుగు ఎండు పుడకలు పెట్టి పైనుండి వెలిగించవలెను. నిప్పు మెల్లగా కిందికి దిగుతుంది. కిందనుండి లేచే వాయువులు పైనున్న మంటలో నుండే పోవలసి ఉంటుంది గనుక కాలిపోతాయి. మా పొయ్యికి మొదటి ఐదు పది నిమిషాలు కొంచెం పొగ వస్తుంది, ఆ తరువాత మంట తేటగా మండుతుంది. సుమారు రెండు కిలోలతో మా కాగుడు నీళ్ళు కాగుతున్నాయి. మధ్యలో ఇంకా కావలసివస్తే పిడికెడు చొప్పున అంచుల వెంబడి వేయవలెను. ఒక్కసారిగా కుమ్మరించి మంటను పూడ్చవద్దు.

ఇక ఈ జాగ్రత్తలు ఇంటిల్లిపాదికీ చదివి వినిపించండి.

మంట ఆరి తెల్లని పొగ చిక్కగా వస్తుంటే వంగవద్దు, ఊదవద్దు, అగ్గిపుల్ల విసరవద్దు. దూరంగా జరిగి, పొగ తగ్గేదాకా ఆగండి. కిరోసిను, పెట్రోలు ఎన్నడూ చల్లవద్దు. ఎర్రగా కాలిన బుట్టమీద నీళ్ళు పోయవద్దు, ఆవిరి ముఖానికి కొడుతుంది. తాటాకు పాకకు, గడ్డిమేటుకు దూరంగా పొయ్యి పెట్టండి. సముద్రపు గాలి జోరుగా ఉన్నరోజు వెలిగించనే వద్దు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. బాలింత గదిలో కుంపటి పెట్టడం మనలో ఇంకా ఉన్నది. పొగ లేదు గదా అని ఈ పెల్లెట్ల నిప్పులను ఆ గదిలోకి తీసుకుపోవద్దు. పొగ కనబడకపోయినా నిప్పులనుండి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన గదిలో తల్లినీ, బిడ్డనూ నిద్రలోనే తీసుకుపోగలదు. వెచ్చదనానికి దుప్పట్లు చాలు. బస్తాలు ఎక్కువగా నిలువ చేసినా గాలి ఆడే కొట్టంలోనే ఉంచండి. మూసిన చోట పెల్లెట్ల గుట్టనుండి కూడా ఆ వాయువే కొంత వెలువడుతుంది.

వానకు తడిసిన పెల్లెట్టు ఉబ్బి మళ్ళీ పొట్టు అవుతుంది. మా రెండవ బస్తాలో అడుగు భాగం అలాగే పోయింది. నేలమీద గాక బల్లమీద, పట్టాలో చుట్టి ఉంచండి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్డు పొట్టుతో చేసినవి కొనవద్దు, వాటి జిగురు పొగ మంచిది కాదు. మంచి కట్టె పెల్లెట్లకు బూడిద నూటికి ఒక పాలు కూడా ఉండదు. ఊకతో చేసినవాటికి దాదాపు ఐదో వంతు వరకు ఉండవచ్చు, కనుక తరచుగా దులపవలెను. బూడిదలో నిప్పు మరునాటికి కూడా ఉంటుంది. ఇనుప తట్టలో చల్లార్చాకనే కొబ్బరి పాదులకు వేయండి. ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పుపడుతుంది గనుక వాడిన తరువాత బుట్టను ఇంట్లో పెట్టుకోండి.

మరి డబ్బు మాట? ఇక్కడ ఒక పాత సంగతి చెప్పవలెను. 2006లో బి.పి. సంస్థ, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సహాయంతో 'ఊర్జా' అనే పెల్లెట్ల పొయ్యిని తెచ్చింది. చిన్న ఫ్యాను గల ఆ పొయ్యిని లక్షలాది కుటుంబాలు కొన్నాయి. పొయ్యి మంచిదే. కాని పెల్లెట్ల ధర పెరగడంతో చాలామంది దానిని మూలన పెట్టి మళ్ళీ కట్టెలకు పోయారు. ఇప్పుడు ఫ్యాక్టరీల బాయిలర్లకు పెల్లెట్లు కావలెను. బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాలు కూడా కొంత పాలు వీటిని కలిపి కాల్చవలెనని 2021లో కేంద్ర ప్రభుత్వం విధానం ప్రకటించింది. పెద్దవారు కొనే సరుకు ధర మన చేతిలో ఉండదు. కనుక కొనేముందు మీ కాగుకు ఎన్ని కిలోలు పడుతున్నదో తూచి, నెలకు లెక్కవేసుకోండి.

మా లెక్కలో పెల్లెట్లు కొనడం గిట్టలేదు. రెండు బస్తాలు ఫిబ్రవరికి అయిపోయాయి. తరువాత ఎండు కొబ్బరి చిప్పలను బొటనవేలంత ముక్కలుగా కొట్టి అదే బుట్టలో పోసి, పైనుండే వెలిగించాము. మంట ఇంచుమించు అంత తేటగానూ వచ్చింది. డొక్కలు మాత్రం తేమ పీల్చుకొని పొగ పెడతాయి, వాటిని బాగా ఎండబెట్టనిదే వేయవద్దు. కొబ్బరిచెట్లు ఉన్న ఇంటికి బుట్ట చాలు, పెల్లెట్లు లేకపోయినా ఫరవాలేదు. చెట్లు లేక కట్టెలు కొనుక్కునేవారు, అరకొర స్థలంలో ఉండేవారు, పక్కింట ఉబ్బసపు రోగి ఉన్నవారు పెల్లెట్ల సంగతి ఆలోచించవచ్చు.

క్రిస్మసు విందుకు గాడిపొయ్యి తవ్వే సహోదరులారా, ఈసారి కట్టెలే వాడినా సరే, గాలి వచ్చే వైపు ఒక గొట్టం దింపి, కట్టెల కింద ఇనుప జల్లెడ ఒకటి పరచండి. పొయ్యి దగ్గర తెల్లవారేదాకా నిలబడేది మన తల్లులు, అక్కచెల్లెళ్ళే గదా. మా అత్తగారు తన ఊదుగొట్టాన్ని చూరులో దోపి ఎనిమిది నెలలయింది. దగ్గు పూర్తిగా పోలేదు గాని, పొయ్యి దగ్గర మాత్రం ఇప్పుడు నిటారుగా నిలబడి నీళ్ళు తోడుకుంటున్నారు.