పతకానికి దండ, ఫిర్యాదుకు దండన

ఏడాది చివర పత్రికలు వేసే సమీక్షలను గమనించండి. వార్తలకొక పేజీ, ఆటలకొక పేజీ. వార్తల పేజీలో స్త్రీ బాధితురాలు, ఆటల పేజీలో దేశానికి ముద్దుబిడ్డ. ఈ రెండు పేజీల మధ్య గీత చెరిగిపోయిన సంవత్సరం 2023. అందుకే దాన్ని మళ్ళీ ఒకసారి తిరగేయాలనిపిస్తుంది.

ఆ మార్చిలో ఢిల్లీలో జరిగిన ప్రపంచ మహిళా బాక్సింగ్ పోటీల్లో మన దేశానికి నాలుగు స్వర్ణాలు వచ్చాయి. అందులో ఒకటి నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ది. అందరం గర్వపడ్డాం. అయితే అదే ఢిల్లీలో, జంతర్ మంతర్ దగ్గర, జనవరి 18నే వినేశ్ ఫోగట్, సాక్షి మలిక్, బజరంగ్ పునియా ధర్నాకు కూర్చున్నారు. రెజ్లింగ్ సమాఖ్య అధ్యక్షుడు, అప్పటి పాలకపక్ష ఎంపీ బ్రిజ్ భూషణ్ శరణ్ సింగ్ మహిళా రెజ్లర్లను లైంగికంగా వేధించాడన్నది వారి ఆరోపణ. ఆయన కాదన్నాడు. ప్రభుత్వం కమిటీ వేసింది. ఏప్రిల్‌లో వాళ్ళు మళ్ళీ రోడ్డు మీదికి రావలసి వచ్చింది. ఏడుగురు స్త్రీల ఫిర్యాదును పోలీసులు నమోదు చేయడానికి సుప్రీంకోర్టు గడప తొక్కవలసి వచ్చింది.

మే 28న కొత్త పార్లమెంటు భవనం ప్రారంభమైంది. ఆ రోజే అటువైపు నడిచిన రెజ్లర్లను పోలీసులు ఈడ్చుకెళ్ళారు. నాలుగు నెలలు తిరక్కుండా అదే భవనంలో మహిళా రిజర్వేషన్ బిల్లు లోక్‌సభలో 454–2 ఓట్లతో నెగ్గింది. 1996లో మొదటిసారి ప్రవేశపెట్టిన బిల్లుకు 27 ఏళ్ళ తర్వాత మోక్షం! అదీ జనగణనకు, నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టి.

మణిపూర్ సంగతి చూడండి. మే 4న స్త్రీలను వివస్త్రలను చేసి ఊరేగించారు. ఫిర్యాదు మే నెలలోనే పోలీసులకు చేరింది. జూలై 19న వీడియో బయటపడ్డాక గానీ అరెస్టులు మొదలు కాలేదు. ఆగస్టులో ప్రపంచకప్పు గెలిచిన స్పెయిన్ ఫుట్‌బాల్ క్రీడాకారిణి జెన్నీ ఎర్మోసోను వేదిక మీదే ఆ దేశ సమాఖ్య అధ్యక్షుడు బలవంతంగా ముద్దుపెట్టుకున్నాడు. లోకమంతా చూసింది. ఆయనను తొలగిస్తే తప్ప ఆడబోమని తోటి క్రీడాకారిణులు ఒక్కమాట మీద నిలబడ్డారు. మూడు వారాల్లో రాజీనామా చేశాడు. 2025లో కోర్టు అతన్ని దోషిగా తేల్చింది.

కెమెరా చూసినదానికి సాక్ష్యం విలువ ఉంది. స్త్రీ నోటిమాటకు లేదు. మూసిన తలుపుల వెనుక కెమెరా ఉండదు కదా!

డిసెంబరు 21న సమాఖ్య ఎన్నికల్లో బ్రిజ్ భూషణ్ సన్నిహితుడే గెలిచాడు. సాక్షి మలిక్ తన బూట్లు బల్ల మీద పెట్టి ఆటకు స్వస్తి చెప్పింది. 2024లో కోర్టు ఆయనపై అభియోగాలు మోపింది. మైనర్ ఫిర్యాదుపై పెట్టిన పోక్సో కేసు 2025లో మూతపడింది. ఒలింపిక్ పతకం ఉన్న స్త్రీకే ఇంత కష్టమైతే, జిల్లా క్రీడా హాస్టల్లో ఉన్న పదహారేళ్ళ పిల్ల ఎవరికి చెప్పుకోవాలి?

దీనికి చట్టం లేకపోలేదు. 1997 నాటి విశాఖ తీర్పు, ఆ తర్వాత 2013 చట్టం ఉన్నాయి. ఆ చట్టం స్టేడియాన్ని, క్రీడా సంస్థను కూడా పనిస్థలంగానే గుర్తించింది. పదిమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అయినా 2023లో జాతీయ క్రీడా సమాఖ్యల్లో దాదాపు సగం ఈ నిబంధన పాటించలేదన్న పత్రికా కథనంపై జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసులివ్వవలసి వచ్చింది.

ఆ కమిటీలో ఒక సభ్యత్వం స్త్రీల కోసం పనిచేసే సంస్థలకు లేదా లైంగిక వేధింపుల సమస్యపై అవగాహన ఉన్న వ్యక్తికి కేటాయించారు. అంటే ఆ కుర్చీ మనది. మన జిల్లా స్టేడియంలో, క్రీడా పాఠశాలలో ఆ కుర్చీ ఉందా? ఉంటే అందులో ఎవరు కూర్చున్నారు? ఆ పేరు గోడ మీద పిల్లలకు కనబడేలా రాశారా? వచ్చే పతకానికి చప్పట్లు కొట్టే ముందే వెళ్ళి అడుగుదాం.