ఒంటి స్పీకరు శ్రోతను మరువరాదు

అమీర్‌పేటలో మైత్రీవనం పరిసరాలకు పోయి తలయెత్తి చూచిన వారికి ఆకాశం కంటె బోర్డులే అధికంగా కానవచ్చును. అచ్చట నేర్పని కంప్యూటరు విద్య అరుదు. మన విద్యార్థులలోనూ తమ పాటలను తామే రికార్డు చేసి, మిక్సింగు, మాస్టరింగు కూడ ఇంటనే ముగించువారు పెరుగుచున్నారు. ఇది మిక్కిలి సంతోషింపదగిన విషయం. కాని వారు మక్కువతో వాడు ఒక పనిముట్టును గూర్చి నాకు గట్టి అభిప్రాయం ఒకటి కలదు. ఆ పనిముట్టు పేరు మిడ్-సైడ్ ప్లగిన్.

స్టీరియో పాటలో ఎడమ, కుడి అను రెండు మార్గాలుండును. ఆ రెంటిని కూడి సగం చేసిన మధ్యధ్వని, అనగా మిడ్ వచ్చును. ఎడమ నుండి కుడిని తీసివేసి సగం చేసిన పార్శ్వధ్వని, అనగా సైడ్ వచ్చును. మరల మధ్యకు పార్శ్వాన్ని కలిపిన ఎడమ, మధ్య నుండి పార్శ్వాన్ని తీసివేసిన కుడి సిద్ధించును. ఎనిమిదవ తరగతి బీజగణితానికి మించినది ఇందులో ఏమియు లేదు. ప్లగిన్ చేయునదెల్ల ఈ రెండు భాగాలను విడదీసి, ఒక్కొక్కదాని హెచ్చుతగ్గులు మన చేతికిచ్చి, తిరిగి కలుపుటయే.

"మిడ్ అనగా గాయకుని గొంతు, సైడ్ అనగా వాద్యాలు" అని పలువురు భావింతురు. ఇది పొరపాటు. నడుమ నిలిపిన ప్రతిదీ, తబలా, బేసు, డోలకు కూడ, మధ్యలోనే ఉండును. కళాశాల ఉత్సవాలకు ఎడమ నుండి కుడిని తీసివేసి కరోకే తయారుచేయు మిత్రులకు ఇది అనుభవమే. గొంతుతోపాటు తాళమూ మాయమగును. గొంతుకు చేర్చిన ప్రతిధ్వని మాత్రం దయ్యమువలె మిగిలిపోవును!

ఇక అసలు సంగతి. ఒక మాండొలిన్ ఎడమ మార్గంలో మాత్రమే 10 పాళ్ల బలంతో ఉన్నదనుకొందము. దాని మధ్య 5, పార్శ్వం 5. పాట విశాలంగా వినిపించవలెనని పార్శ్వాన్ని రెట్టింపు చేసితిమి. ఇప్పుడు ఎడమన 15. కుడివైపున ఋణ 5, అనగా తలక్రిందులైన తరంగం. హెడ్‌ఫోనులో అద్భుతమే. కాని రెంటిని కూడిన మునుపటి 10 మాత్రమే వచ్చును. మోనోలో దక్కిన లాభం సున్న. పైగా కంప్యూటరు ధ్వనికి పై హద్దొకటి కలదు. 10 ఆ హద్దయినచో, 15ను అందులో ఇముడ్చుటకు పాట మొత్తాన్ని మూడింట రెండు వంతులకు దించవలెను. అప్పుడు ఒంటి స్పీకరు ముందున్నవానికి 6.7 పాళ్లే మిగులును. హెడ్‌ఫోను శ్రోతకు పెట్టిన విందు ఖర్చును ఒంటి స్పీకరు శ్రోత నుండి వసూలు చేసినట్లయినది కదా!

ఆ శ్రోత ఎవరు? పంజగుట్టలో టీ హోటలు మూల నున్న పెట్టె క్రింద కూర్చున్నవాడు. చవక ఫోనులో పాట వినువాడు. అమీర్‌పేట మెట్రో స్టేషనులో ఒకే ఇయర్‌ఫోను జతను ఇద్దరు పంచుకొనినప్పుడు చెరియొక మార్గమే వినువారు. మన బంధుమిత్రులలో ఇట్టివారెందరో లెక్కించి చూడుడు.

ఈ విద్యను కనిపెట్టినవారు అతనిని మరువలేదు. ఇంగ్లండులో ఆలన్ బ్లుమ్లైన్ అను ఇంజనీరు 1931 డిసెంబరులో దాఖలు చేసిన పేటెంటులోనే ఈ కూడిక, తీసివేతల మూలసూత్రం కలదు. రాడారు పరీక్షలలో ఉండగా 1942లో విమానప్రమాదమున మరణించిన ఆ మేధావి వయస్సు 38 సంవత్సరాలే. 1958 నుండి వ్యాపించిన స్టీరియో రికార్డులలో కూడికను సూది ప్రక్కల కదలికకు, తీసివేతను పైక్రిందుల కదలికకు కేటాయించిరి. 1961లో అమెరికాలో అంగీకరింపబడిన ఎఫ్.ఎం. స్టీరియో పద్ధతిలో ప్రధానమార్గాన ప్రసారమగునది కూడికయే. కనుకనే పాత మోనో రేడియోలు సైతం పూర్తి పాటను వినిపించినవి. మన అమీర్‌పేటలోనే 1950 దశకంలో సారథీ స్టూడియో వెలసినది. ఆనాటి తెలుగు చిత్రాల పాటలన్నియు ఒకే మార్గంలోనివి. దూరం, దగ్గర, నిండుదనం అన్నియు ఆ ఒక్కదానిలోనే సాధించిరి.

ప్లగిన్ వలదని నా వాదం కాదు. పార్శ్వంలోని అతిమంద్రస్వరాలను కోసివేసి బేసును నడుమకు తెచ్చుట, అంచులకు స్వల్పంగా కాంతినిచ్చుట వంటి మేలైన పనులు దానితో చేయవచ్చును. కాని ఒక గజల్ గాని, లలితగీతం గాని మొదట మోనోలో నిలువవలెను, వెడల్పు తరువాతిది. వెడల్పులో విని మాండొలిన్ చాలునని తగ్గించినవాని పాటలో, మోనోకు మార్చగానే మాండొలిన్ వెదకినను దొరకదు.

కళాశాల కమిటీవారికి నాదొక మనవి. వార్షికోత్సవానికి విద్యార్థులు సమర్పించు రికార్డింగులను ఎంపికకు ముందు ఒంటి స్పీకరుపై ఒకమారు, రెంటిపై ఒకమారు వినవలెను. పాటలో గాని, పదంలో గాని ఏదైన తప్పిపోయినచో తిప్పి పంపి, వారముదినాలు గడువీయవలెను. ఇందుకు క్రొత్త యంత్రమేమియు అవసరం లేదు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో రెండు సాధారణ స్పీకర్లు, ఒక పాత కంప్యూటరు చాలును. తరంగాల పాఠం చెప్పు రోజుననే ఆ తలక్రిందులైన మాండొలిన్‌ను కూడ వినిపింపవచ్చును.