పాత ఇస్త్రీ పెట్టెకి కిలో లెక్కేనా?

"పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలూ..." అని మైకు పెట్టుకుని ట్రాలీ ఆటో వీధిలోకి రాగానే ముందు బయటికొచ్చేవి విరిగిన కుర్చీ, చిల్లుపడ్డ బకెట్టు. ఆ వెనకే అటక మీంచి దిగుతుంది బొగ్గుల ఇస్త్రీ పెట్టె. ఐదారు కిలోలు తూగే ముద్ద కదా, ట్రాలీ అతని మొహం వెలిగిపోతుంది. కొన్నాళ్లకి అలాంటి పెట్టే హైదరాబాద్‌లో ఏ కేఫ్ అరలోనో మనీప్లాంట్ పక్కన కూర్చుంటుంది. లేదా మీ ఫోన్‌లో 'వింటేజ్, రేర్, 150 ఏళ్ల నాటిది' అనే క్యాప్షన్‌తో కనిపిస్తుంది. కిలో రేటుకి పోయిన వస్తువు వేలల్లోకి ఎలా వెళ్లింది? ఆ 150 ఏళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా ఇలాంటి పెట్టెలు ఇంకా చాలా ఇళ్లల్లో పడున్నాయి కాబట్టి ఈ వారం వాటి సంగతి మాట్లాడుకుందాం.

పెట్టె కూడా లేని రోజుల్లో మన వాళ్ల ఇస్త్రీ ఏంటో తెలుసా? చెంబు. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, అంచుని గుడ్డతో పట్టుకుని చొక్కా మీద రుద్దడమే. అదీ కుదరని హాస్టల్ కుర్రాళ్లు ప్యాంటు మడతపెట్టి పరుపు కింద పెట్టి పడుకునేవాళ్లు. చెంబుని చూసి నవ్వకండి. అమెరికాలో బోస్టన్ మ్యూజియంలో 12వ శతాబ్దం నాటి చైనా పట్టు చిత్రం ఒకటుంది. అందులో ఆడవాళ్లు పిడి ఉన్న గిన్నెలో నిప్పులు పోసి పట్టుబట్ట చాపు చేస్తుంటారు. మన చెంబుకి పెద్దక్క అన్నమాట. 'ఇస్త్రీ' అనే మాట మాత్రం పోర్చుగీసు వాళ్ల నుంచి వచ్చిందంటారు. వాళ్ల భాషలో 'ఎస్తిరార్' అంటే సాగదీయడం.

బొగ్గుల పెట్టెలో తెలివంతా గాలిలో ఉంది. పక్కల బెజ్జాలు, పైన మూత, మూతకి గడియ, ఆ పైన కర్ర పిడి. పిడికీ మూతకీ మధ్య చెయ్యి కాలకుండా ఒక రేకు. నిప్పు తగ్గితే పెట్టెని అటూ ఇటూ ఊపితే చాలు, బెజ్జాల్లోంచి గాలి ఆడి కణకణలాడుతుంది. తర్వాత తడిపిన గోనె సంచి మీద ఒకసారి లాగితే మసి పోతుంది, వేడి ఎంతుందో ఆ 'చుయ్'మనే చప్పుడే చెప్తుంది. గంజి పెట్టిన ఖాకీ, తెల్ల ఖద్దరు లొంగాలంటే వేడి ఒక్కటే చాలదు, బరువు కావాలి. లీడర్ల చొక్కాల మీద ఇస్త్రీ మడత నలగకుండా నిలిచింది ఆ బరువు వల్లే.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఇల్లందు, కొత్తగూడెం అంటే బొగ్గు గనులు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర నేలబొగ్గు కనిపెట్టాకే సింగరేణి కథ మొదలైంది. అయినా ఆ రాక్షసి బొగ్గు ఇస్త్రీకి పనికిరాదు, పొగ, మసి, కంపు. పెట్టెకి కావాల్సింది కట్టె బొగ్గు. చింత, తుమ్మ కట్టె కాల్చిన బొగ్గైతే నిప్పు చాలాసేపు నిలుస్తుంది, చిటపటలాడి చొక్కాకి చిల్లులు పెట్టదు. గనుల పక్కనే బతుకుతూ బొగ్గు కోసం చెట్టు వైపు చూడాల్సి రావడం ఈ పెట్టె రాత.

సరే, వయసు ఎలా తెలుస్తుంది? అమ్మేవాళ్లు ఎక్కువగా చెప్పే మాట, "ఇది మా ఊరి కమ్మరి రెండొందల ఏళ్ల కింద చేసింది." పెట్టె పోత ఇనుముదైతే ఈ మాట దగ్గరే ఆగండి. ఊరి కమ్మరి ఇనుముని కాల్చి కొడతాడు, కరిగించి అచ్చులో పొయ్యడు. ఇత్తడి సుమారు 900 డిగ్రీలకే కరుగుతుంది, కాబట్టి కంచరి చిన్న కొలిమిలోనే పోత పొయ్యగలడు. తణుకు దగ్గర అజ్జరం ఇత్తడి పని అలా పేరు తెచ్చుకున్నదే. పోత ఇనుముకి 1150 డిగ్రీలు దాటాలి, పెద్ద కొలిమి కావాలి. అంటే పట్నంలో ఫౌండ్రీ ఉండాలి. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కరిగించారు కదా అని మీరు అడగొచ్చు. నిజమే, కానీ అవి కత్తుల కోసం పోసిన చిన్న ఉక్కు ముద్దలు, ఇస్త్రీ పెట్టెలు కావు. అందుకే మన వైపు దొరికే పోత పెట్టె ఏదైనా ఫౌండ్రీల కాలానిదే అనుకుని మొదలుపెట్టడం మంచిది. తాత వాడాడు అంటే నమ్మొచ్చు. ముత్తాత ముత్తాత అంటే మాత్రం టీ తాగి వచ్చేయండి.

పెట్టె ఒళ్లంతా సాక్ష్యాలే, చూసే ఓపిక ఉండాలి గానీ. మూత మీద 6 అనో 7 అనో అంకె ఉంటే అది సాధారణంగా సైజు నంబరు, సంవత్సరం కాదు. బరువు కేజీల్లో అచ్చుపడి ఉంటే మనకి మెట్రిక్ తూకాలు మొదలైన 1958 తర్వాతిదే. కంపెనీ అడ్రసులో పిన్ కోడ్ ఉంటే 1972 తర్వాతిది, ఎందుకంటే పిన్ కోడ్ పుట్టిందే ఆ ఏడు ఆగస్టు 15న. పిడికి ప్లస్ గుర్తు స్క్రూ ఉందా? ఆ స్క్రూ 1930లలో అమెరికాలో మొదలైంది. కాబట్టి పెట్టె ఆ తర్వాతిదైనా కావాలి, మధ్యలో పిడి మార్చి అయినా ఉండాలి. పిడి మార్చడం తప్పేం కాదు, కర్ర కాలుతుంది, మారుస్తారు. అది దాచి 'ఒరిజినల్' అనడమే తప్పు.

ఇంకో తిరకాసు. ఉమ్మడి రాష్ట్రంలో 1990ల చివర ఆదరణ పథకం కింద కులవృత్తుల వాళ్లకి పనిముట్లు పంచారు. వాటిల్లో ఇస్త్రీ పెట్టెలు కూడా ఉన్నాయి. పాతికేళ్లు నిప్పు, బూడిద, వాన చూసిన పెట్టె నూరేళ్ల దానిలాగే కనిపిస్తుంది.

ఇత్తడి పెట్టె అయితే జేబులో అయస్కాంతం పెట్టుకెళ్లండి. అంటుకుంటే లోపల ఇనుము, పైన పూత. కోడిపుంజు బొమ్మ గడియ ఉన్న ఇత్తడి పెట్టెలు ఇండోనేషియాలో బాగా ప్రసిద్ధి, అలాంటిది చూపించి "నిజాం కాలం నాటిది" అంటే అనుమానించాల్సిందే. కొత్త ఇత్తడిని పాతదానిలా నల్లబరచడం మొరాదాబాద్ లాంటి చోట్ల అందరికీ తెలిసిన వ్యాపారమే. వాళ్లు దాన్ని 'యాంటిక్ ఫినిష్' అనే అమ్ముతారు. 'ఫినిష్' అనే మాట దారిలో ఎక్కడో రాలిపోతుంది, అంతే.

తుప్పుని కూడా చదవాలి. ఏళ్ల తరబడి వాడిన పోత ఇనుము నల్లగా, కొంచెం నూనె మెరుపుతో ఉంటుంది. ఒళ్లంతా ఒకేలా నారింజ రంగు తుప్పు ఉంటే ఉప్పునీళ్లో యాసిడో పోసి ఉంటారు. మన దగ్గర మూడో కారణం కూడా ఉంది, గోదావరి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది, 1986లో 75 దాటింది. ఒడ్డు ఊళ్లల్లో ఇల్లు మునిగితే అటక కింది ఇనుమంతా ఒండ్రులో నానుతుంది. అలాంటి పెట్టెకి మడతబందు మూలల్లో మట్టి గట్టిపడి ఉంటుంది. అది మోసం కాదు, దాని చరిత్ర. గోళ్లతో గీకి పారేయకండి.

పగులు ఉందో లేదో చెవితో చూడండి. పిడి పట్టుకుని వేలి కణుపుతో తడితే బాగున్న పోత ఇనుము ఖంగుమంటుంది, పగిలితే బొంగురుగా పలుకుతుంది. పోత ఇనుము గట్టిదే గానీ పెళుసు, కింద పడితే పగుళ్లిస్తుంది. తెచ్చాక గ్రైండర్ పెట్టి అద్దంలా మెరిపించాలని చూడకండి. ఆ రీల్‌కి లైకులు వస్తాయి, పెట్టె విలువ పోతుంది. మెత్తటి బ్రష్‌తో దులిపి, ఊడే తుప్పు మాత్రం తీసి, పల్చగా నూనె రాస్తే చాలు.

ధర విషయానికొస్తే, వయసు ఒక్కటే ధర కాదు. అమెరికాలో మేరీ పాట్స్ అనే ఆవిడ 1871లో పిడి ఊడదీసే ఇస్త్రీ పెట్టెకి పేటెంట్ తీసుకుంది. పొయ్యి మీద వేడెక్కించే గట్టి ఇనుము ముద్ద అది. ఒకటి చల్లారితే పిడి తీసి ఇంకోదానికి తగిలించడమే. ఇలాంటి వాటిని 'శాడ్ ఐరన్' అంటారు. బాధపడే ఐరన్ కాదండోయ్, పాత ఇంగ్లిష్‌లో ఆ మాటకి బరువైనదని అర్థం. అవి నూరేళ్లు ఎప్పుడో దాటేశాయి. అక్కడ ఇస్త్రీ పెట్టెలు సేకరించే వాళ్లకి ఒక సంఘమే ఉంది. అయినా ఆ పెట్టెలు మామూలు ధరకే దొరుకుతాయి, లెక్కలేనన్ని తయారయ్యాయి మరి. అరుదుగా ఉండాలి, భాగాలన్నీ ఉండాలి, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలి. ఈ మూడోదే మన దగ్గర ట్రాలీలో పడి మాయమవుతోంది.

బేరం ఎలా సాగుతుందో మీరు విన్నదే.

"ఎంతిస్తవు బిడ్డా?"

"తూకం వెయ్యనీ పెద్దమ్మా."

"మీ పెద్దయ్య ముప్పై ఏండ్లు తిప్పిండు దీన్ని."

"అయితే అడుగు అరిగిపోయుంటది, ఇంక తక్కువే తూగుద్ది."

పెద్దమ్మ చెప్పిన ముప్పై ఏళ్లు కాటా మీద నష్టం. అదే అరుగుదల సేకరించేవాడి చేతిలో సాక్ష్యం, పెట్టె నిజంగా పనిచేసిందనడానికి రుజువు. ఆ అరుగుదలకి డబ్బులు వస్తున్నాయి, పెద్దమ్మకి తప్ప. ఏడాది పొడుగునా ఊరి బట్టలు ఉతికి, కళ్లంలో మేర కింద నాలుగు కుంచాల వడ్లు తెచ్చుకున్న ఇళ్లవి ఈ పెట్టెలు. చాకలి ఐలమ్మ పేరు 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టుకున్నాం, మంచిదే. ఆ వృత్తి పనిముట్టు మాత్రం ఇంకా పాత ఇనుము లెక్కలోనే ఉంది.

ఇప్పుడే ఎందుకింత వేగంగా పోతున్నాయంటే కరెంటు వల్ల. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణలో ధోబీఘాట్లకి, లాండ్రీ షాపులకి నెలకి 250 యూనిట్ల దాకా ఉచితం. గ్యాస్ పెట్టెలూ వచ్చాయి. ఇందులో బాధపడాల్సింది ఏమీ లేదు, ఎండాకాలం పూట ఆ నిప్పుల సెగ, పొగ ముందు నిలబడ్డవాళ్లని అడగండి. తిరువణ్ణామలై అమ్మాయి వినీషా ఉమాశంకర్ సోలార్ ఇస్త్రీ బండి ఆలోచనతో 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సు దాకా వెళ్లింది కూడా ఈ బొగ్గు బాధ తప్పించడానికే. బొగ్గు పోవాలి. పెట్టెతో పాటు దాని వివరం కూడా పోనక్కర్లేదు.

కాబట్టి కొంటే ఇంటివాళ్ల దగ్గరే కొనండి, వేరే చోట అది ఎంత పలుకుతుందో చెప్పి మరీ కొనండి. ఎవరు వాడారు, ఏ ఊళ్లో, బొగ్గు ఏ కట్టెది, పిడి ఎప్పుడు మార్చారు అని అడిగి ఫోన్‌లో వాళ్ల గొంతు రికార్డ్ చేసుకోండి, వాళ్లు సరేనంటేనే. గోదావరికి ఏ ఒడ్డున దొరికిందో కూడా రాసుకోండి. భద్రాచలం తాలూకా 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది, అంతకు ముందు మద్రాసు ప్రెసిడెన్సీ కింద. ఇవతలి ఒడ్డు నిజాం రాజ్యం. అక్కడి సామాను రాజమండ్రి నుంచి పడవల మీద వచ్చి ఉండొచ్చు, ఇక్కడిది రైలెక్కి వచ్చి ఉండొచ్చు. ఒడ్డు తెలియకపోతే ఆ తేడా పెట్టె మీద ఎంత వెతికినా కనిపించదు.

నిజంగానే నూరేళ్లు దాటిన పెట్టె దొరికిందనుకోండి, అమెరికాలో ఉన్న అన్నయ్యకి కొరియర్ చేసే ముందు ఆగండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులని సొంతంగా దేశం దాటించకూడదు, వాటి వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు ఉండాలి. '150 ఏళ్ల నాటిది, వరల్డ్‌వైడ్ షిప్పింగ్' అని రాసుకున్నవాళ్లకి ఈ సంగతి చెప్పి చూడండి, పెట్టె వయసు టక్కున తగ్గుతుంది.

ఫోటో పంపమని అడిగేటప్పుడు అడుగు వైపుది, మూత తెరిచి లోపలిది కూడా అడగండి. అమ్మేవాళ్లు ఎప్పుడూ పైనుంచే తీస్తారు.