ఫ్లాటు కోసం తోట రాసివ్వొద్దు

అరకు, పాడేరు, చింతపల్లి వైపు నుంచి చదువుకుని విశాఖకో, హైదరాబాద్‌కో వెళ్లిన మా తరంలో చాలామందికి రెండు ఇళ్లు. కొండ మీద అమ్మానాన్నల ఇల్లు, దాని పక్కన కాఫీ తోట. కింద సిటీలో హోమ్ లోన్ పెట్టి కొన్న ఫ్లాటు. ఉద్యోగం పోయిందంటే, ఫ్లాటు నిలబెట్టుకోవడానికి మన చెయ్యి ముందుగా తోట మీదికే వెళ్తుంది. అక్కడే జాగ్రత్త పడాలి.

మా ఊరి తమ్ముడొకడు మధురవాడలో ఫ్లాటు కొన్నాడు. నెలకు 28 వేల ఈఎంఐ. ఉద్యోగం పోయి రెండు వాయిదాలు తప్పాయి. ఓ వ్యాపారి 3 లక్షలిస్తానన్నాడట. నూటికి మూడు రూపాయల వడ్డీ, వాళ్ల నాన్న తోట మీద తెల్లకాగితం. ‘‘ఏం చెయ్యమంటావన్నా?’’ అని ఫోన్ చేశాడు.

లెక్క చెప్పాను. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. నెలకు 9 వేలు వడ్డీకే పోతాయి. 28 వేలు కట్టలేనివాడు 37 వేలు ఎక్కణ్నుంచి తెస్తాడు?

ఇక తోట సంగతి. ఏజెన్సీలో వడ్డీనీ, భూమి బదిలీనీ కలిపి కట్టడి చేస్తూ 1917లోనే చట్టం వచ్చింది. అప్పు వెనకాలే భూమి పోతుందని అప్పటికే తెలుసు. తర్వాత 1959 రెగ్యులేషన్, దానికి 1970లో సవరణ. మనం 1/70 అనేది దీన్నే. దీని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమిగానీ ఇల్లుగానీ గిరిజనేతరులకు బదిలీ చేస్తే చెల్లదు. బ్యాంకు తనఖాలో ఉండి వేలానికి వచ్చినా గిరిజనులకే అమ్మాలి. మరి తెల్లకాగితం? అదీ చెల్లదు. కానీ కాఫీ, మిరియాలు కోసుకుపోయేది మాత్రం అప్పిచ్చినవాడే. తోట తిరిగి చేతికి రావాలంటే కేసు వేసి తిరగాలి.

మైదానంలోని ఫ్లాటుకు 1/70 అండ లేదు. అయినా బ్యాంకు రాత్రికి రాత్రే లాక్కోలేదు. వాయిదా తప్పి 90 రోజులు దాటితేనే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది. ఆలోపే బ్రాంచికి వెళ్లండి. లోన్ గడువు పెంచి ఈఎంఐ తగ్గించమని రాసివ్వండి, ఉద్యోగం పోయినట్టు లెటర్ జతచేయండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఒప్పుకోవడం బ్యాంకు ఇష్టమే, కానీ ఎన్‌పీఏ అయ్యాక అడగడం కంటే ఇప్పుడు అడగడం మేలు.

ఎన్‌పీఏ అయ్యాక 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది. అభ్యంతరాలుంటే రాసి పంపండి. బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. ఇల్లు స్వాధీనం చేసుకునే చర్య మొదలుపెడితే 45 రోజుల్లోగా డీఆర్‌టీకి వెళ్లొచ్చు. అది విశాఖలోనే ఉంది.

ఏదీ కుదరదనిపిస్తే బ్యాంకుకు చెప్పి ఫ్లాటు మీరే అమ్మేయండి. వేలం దాకా లాగితే ధర మన చేతిలో ఉండదు. అమ్మితే బాకీ పోను మిగిలింది మనదే. ఫ్లాటు మళ్లీ కొనుక్కోవచ్చు, తాతలనాటి తోట మళ్లీ దొరకదు.

మా తమ్ముడికి బ్యాంకు గడువు పెంచింది. ఈఎంఐ 23 వేలకు దిగింది. ఫ్లాటు 15 వేలకు అద్దెకిచ్చి ఊరొచ్చేశాడు. మిగతా 8 వేల కోసం నెలనెలా తంటాలు పడుతున్నాడు. ఇంకా గట్టెక్కలేదు. కానీ ఈ ఏడు కాఫీ పండ్లు కోసింది వాళ్ల నాన్నే.

చివరిగా ఒక మాట. బ్యాంకు నోటీసు ఊరి అడ్రసుకు వస్తే ఇంట్లో పెద్దవాళ్లు భయపడి కవరు విప్పకుండా దాచేస్తారు. మనం విప్పకపోయినా గడువు నడుస్తూనే ఉంటుంది. ఏ కవరు వచ్చినా ఫొటో తీసి వెంటనే వాట్సాప్‌లో పంపమని ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి.