ఈ బరువు తగదఁట!

స్త్రీలు బరువులెత్తిన సౌకుమార్యము చెడునని వాదించు పెద్దలు నేఁటికిని గలరు. వారొకమాఱు బడంగ్‌పేటలో లేచుచున్న మేడల చెంత నిలిచి చూతురు గాక! ఇటుకలు తలకెత్తుకొని మెట్లెక్కుచున్న వారెవరు? ఆ మోతకు చెడని సౌకుమార్యము వ్యాయామశాలలోని ఇనుపగుండ్లకు మాత్రమే చెడునా? కూలికి మోసినఁ దప్పులేదు. తన యారోగ్యమునకై యెత్తినఁ దప్పు వచ్చెను!

ఆ మోతయే వ్యాయామము కాదా యందురేమో. కాదు. వ్యాయామమున బరువు క్రమముగాఁ బెరుగును, నడుమ విశ్రాంతి యుండును. మోతకూలికి మేస్త్రీ కేకయే క్రమము.

ముట్లుడిగిన పిదప స్త్రీల యెముకలు త్వరగా గుల్లబాఱును. బరువులెత్తుట దాని నరికట్టుటకుఁ దోడ్పడును. పెద్దవారు వారమునకుఁ గనీసము 2 దినములు కండబలమునిచ్చు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోఁ జెప్పినది. అందు స్త్రీలకు మినహాయింపు లేదు.

ఆముదాలవలస చెంత ఊసవానిపేట యాఁడుబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సున మొత్తము 240 కిలోలెత్తి కంచుపతకము గొనితెచ్చెను. ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారత స్త్రీ యామెయే. ఆమెకుఁ జప్పట్లు చఱచిన చేతులే యింటి కోడలిని వ్యాయామశాల గడప యొద్ద నడ్డగించుచున్నవి.

వ్యాయామశాలలు నడపువారలారా! ప్రొద్దుట రెండు గంటలు స్త్రీలకు విడువుఁడు. నేర్పుటకు స్త్రీనే నియమింపుఁడు.