మోటరు ఆన్ చేసే యాప్‌లు బోలెడు... ఆపే తెలివి దేనికుంది?

ఫోన్ రివ్యూల మధ్యలో ఈ బోరు మోటరు గోల ఏంటి అనుకోకండి. మా పలమనేరు వైపు చాలా ఇళ్లలో అన్నిటికంటే ఖరీదైన గ్యాడ్జెట్ ఐఫోన్ కాదు, బోరులో వందల అడుగుల లోతున వేలాడే సబ్‌మెర్సిబుల్ మోటరు. పైపులు, కేబులు, స్టార్టర్ కలిపి లెక్కేస్తే మీ ఫ్లాగ్‌షిప్ ఫోన్ దాని పక్కన చిన్నపిల్ల. ఫోన్ పాడైతే సర్వీస్ సెంటర్‌కి వెళ్తాం. మోటరు కాలిపోతే బండి పిలిపించి, పైపులన్నీ ఎత్తించి, రీవైండింగ్‌కి ఇచ్చి వచ్చేలోపు టమాటా తోట వాడిపోతుంది.

అలాంటి మోటరుకి ఇప్పుడు యాప్‌లు వచ్చాయి. సిమ్ వేసుకునే మొబైల్ స్టార్టర్లు, వైఫై స్విచ్‌లు, టైమర్లు... యాడ్ చూస్తే అన్నిట్లో ఒకటే మాట: "ఎక్కడి నుంచైనా ఆన్ చేయండి." నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. పంప్ కంట్రోలర్‌ని ఎలా ఆన్ చేస్తుందో చూసి కాదు, ఎప్పుడు ఆపుతుందో చూసి కొనాలి. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో కూర్చుని ఊళ్లో నాయనకి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టే మన బ్యాచ్ అంతా ఇది గుర్తుపెట్టుకోవాలి.

అసలు ఇవి ఎందుకొచ్చాయి?

రిమోట్ స్టార్ట్ పనికిరానిదని నేను అనడం లేదు. త్రీఫేజ్ కరెంటు రాత్రి రెండింటికి వచ్చే రోజుల్లో టార్చ్ పట్టుకుని గట్ల మీద నడిచి, తడి చేతులతో స్టార్టర్ నొక్కడం అంటే పాముకీ షాక్‌కీ ఎదురెళ్లడమే. పుణె నుంచి నానో గణేశ్, బెంగళూరు నుంచి కిసాన్ రాజా లాంటి డివైజ్‌లు ఆ బాధ తీర్చడానికే వచ్చాయి. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, కీప్యాడ్ ఫోన్‌తో కాల్ చేసినా మోటరు తిరిగేది. వాటికి ఒక దండం పెట్టాల్సిందే.

కానీ ఇప్పుడు వ్యవసాయానికి పగలే 9 గంటల కరెంటు ఇస్తున్నారు. 2004 నుంచి అది ఉచితం కూడా. ఆన్ చేయడం కష్టమనే సమస్య సగం తీరింది. మిగిలింది రెండో సమస్య: బోరులో నీళ్లు 9 గంటలు లేవు.

ఆటో మోడ్ అనే సోమరితనం

కరెంటు రాగానే మోటరు దానంతట అదే తిరగాలని అందరూ ఆటోలో పెట్టేస్తారు. ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కింద నాలుగైదు మోటర్లు ఉన్నాయనుకోండి. మోటరు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. అన్నీ ఒకే సెకనులో లేస్తే ఓల్టేజీ పడిపోతుంది, ఫ్యూజులు ఎగిరిపోతాయి, కొన్నిసార్లు ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. ఒకరి సౌకర్యం పక్క కయ్య వాళ్ల పంట మీద పడుతుంది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు మొదలుపెట్టినప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఆటో స్టార్టర్లు తీసేయమని రైతుల వెంటపడింది. కరెంటు ఉన్నంతసేపూ అవసరం లేకపోయినా మోటరు తిరిగి భూగర్భజలం ఖాళీ అవుతుందనే భయం దానికి కారణం.

అందుకే ఆన్ డిలే లేని కంట్రోలర్ వద్దు. పక్కపక్క రైతులు మాట్లాడుకుని ఒకరు 2 నిమిషాలు, ఇంకొకరు 4, మరొకరు 6 అని పెట్టుకుంటే చాలు. రూపాయి ఖర్చు లేని అప్‌గ్రేడ్ ఇది.

రన్ టైమ్ సెట్ చేసేది గడియారం చూసి కాదు

సబ్‌మెర్సిబుల్ మోటరుని చల్లబరిచేది దాన్ని రాసుకుంటూ పైకి వెళ్లే నీళ్లే. నీళ్లు అడుగంటినా మోటరు తిరుగుతూ ఉంటే వేడెక్కి బేరింగులు, వైండింగు పోతాయి. దీన్నే డ్రై రన్ అంటాం. దీన్ని కనిపెట్టడానికి బోరులోకి సెన్సర్ దించక్కర్లేదు. నీళ్లు ఎత్తే పని తగ్గితే మోటరు లాగే కరెంటు కూడా తగ్గుతుంది. నీళ్లు బాగా పోస్తున్నప్పుడు మీ మోటరు 10 యాంప్స్ లాగుతూ, నీళ్లు తగ్గగానే 7కి పడిపోతుందనుకోండి. 8 దగ్గర కటాఫ్ పెడితే చాలు, స్టార్టర్ బాక్సే పసిగట్టి ఆపేస్తుంది. ఫ్యాక్టరీ సెట్టింగ్‌ని నమ్ముకోవద్దు, క్లాంప్ మీటర్‌తో కొలిచి మీ మోటరుకి తగ్గట్టు పెట్టించుకోండి.

టైమర్ లెక్క కూడా సింపులే. ఒక రోజు బోరు దగ్గర కూర్చుని 20 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. 20 సెకన్లు పడితే గంటకు 3,600 లీటర్లు. ప్రతి అరగంటకీ మళ్లీ కొలవండి. రెండున్నర గంటల తర్వాత ధార సన్నబడిందా? అయితే మీ రన్ టైమ్ రెండుంపావు గంటలు. ఆపేశాక మళ్లీ నిండు ధార రావడానికి గంటన్నర పడితే, ఆఫ్ టైమ్ గంటన్నర. ఎండాకాలంలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి ఈ కొలత మార్చాలి. డ్రై రన్‌లో ఆగాక అరగంటకే మళ్లీ మొండిగా స్టార్ట్ అయ్యే బాక్స్ అయితే, ఆ టైమ్ మార్చుకునే ఆప్షన్ ఉందో లేదో కొనేముందే అడగండి.

డల్లాస్ స్విమ్మింగ్ పూల్ చెప్పే పాఠం

మా బీటెక్ బ్యాచ్‌మేట్ ఒకడు డల్లాస్‌లో ఉప్పునీటి స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లు కొన్నాడు. పంప్ యాప్ స్క్రీన్‌షాట్లు పంపుతుంటాడు. వాళ్ల దగ్గర నీళ్లలో కలిపిన ఉప్పు నుంచే ఒక సెల్ క్లోరిన్ తయారుచేస్తుంది, అదీ పంప్ తిరిగేటప్పుడే. కాబట్టి రన్ టైమ్ అంటే వాళ్లకి నీటి శుభ్రత, ప్లస్ కరెంటు బిల్లు. స్పీడ్ సగం చేస్తే పవర్ దాదాపు ఎనిమిదో వంతుకి పడిపోతుంది కాబట్టి వేరియబుల్ స్పీడ్ పంప్‌ని మెల్లగా, ఎక్కువసేపు తిప్పుతారు. మన బోరుకి బిల్లు లేదు, అందుకే లెక్క కూడా లేదు. మనం కట్టే బిల్లు నీళ్లలో ఉంటుంది, ఒకేసారి ఎండాకాలంలో వస్తుంది.

వాళ్లకి ఇంకో ఫీచర్ ఉంది: ఫ్రీజ్ ప్రొటెక్షన్. చలి గడ్డకట్టే దగ్గరకి వస్తే పంప్ దానంతట అదే తిరిగి పైపుల్లో నీళ్లని కదిలిస్తుంది. బాగుంది కదా? 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో లక్షల ఇళ్లకి కరెంటే పోయింది. పంపులు ఆగిపోయాయి, నీళ్లు గడ్డకట్టి పైపులు, ఫిల్టర్లు పగిలాయి. అప్పుడు పనికొచ్చింది యాప్ కాదు. బ్రేకర్ ఆపి, పంప్ కింద ఉండే డ్రెయిన్ ప్లగ్ చేత్తో విప్పి నీళ్లు వదిలేయడం తెలిసినవాళ్ల సామాను నిలిచింది. కరెంటు, నెట్‌వర్క్ ఉన్నప్పుడే కాపాడేదాన్ని సగం రక్షణ అనాలి.

మన చలికాలం వేరు

మన దగ్గర హార్స్‌లీ హిల్స్ మీద కూడా పైపుల్లో నీళ్లు గడ్డకట్టవు. మన చలికాలం కష్టాలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్లు. 2021 నవంబరులో తిరుపతి మునిగిన వానలు గుర్తున్నాయి కదా. స్టార్టర్ బాక్సులో తేమ చేరుతుంది, వెచ్చదనానికి బల్లులు దూరి కాంటాక్టుల మధ్య షార్ట్ చేస్తాయి, పిడుగు పడితే సర్క్యూట్ బోర్డు మాడిపోతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగతా రెండింటి మీద భారం పడి వైండింగ్ కాలుతుంది. దీనికి విరుగుడు ఖరీదైనదేం కాదు: కేబులు రంధ్రాలకి సీల్, మంచి ఎర్తింగ్, సర్జ్ ప్రొటెక్టర్, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్. వారం రోజులు వాన పడి మోటరు అవసరం లేకపోతే ఆటో తీసేసి మెయిన్ ఆపేయండి.

కొనేముందు ఈ ఐదు అడగండి

1. యాంప్స్ చూసి డ్రై రన్ ఆపుతుందా? ఆ కటాఫ్‌నీ, మళ్లీ స్టార్ట్ అయ్యే టైమ్‌నీ మనం మార్చుకోవచ్చా?
2. ఆన్ డిలే ఉందా?
3. ఫేజ్ పోయినా, ఓల్టేజీ తగ్గినా ఆగుతుందా?
4. సిమ్ 2జీనా, 4జీనా? 2జీ మాడ్యూల్‌లో జియో సిమ్ పనిచేయదు. రీచార్జ్ ఖర్చు కూడా చూసుకోండి. ఎస్సెమ్మెస్‌తో నడిచేదైతే డేటా లేని ప్యాక్ చాలు. అలాంటివి తేవాలని ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలకి చెప్పింది.
5. సిగ్నల్ లేకపోతే, బోర్డు పోతే పాత స్టార్టర్‌తో నేరుగా నడిపే బైపాస్ స్విచ్ ఉందా?

ఇందులో ఒకటి, మూడు, ఐదు లేకపోతే యాప్‌కి ఎన్ని స్టార్లు ఉన్నా వద్దనే చెప్తా. తయారుచేసే కంపెనీలకి కూడా ఒక మాట: ఆటో మోడ్‌ని ఫ్యాక్టరీ నుంచే ఆన్‌లో పెట్టి పంపకండి, అడిగి ఆన్ చేయండి. మనలో ఎవరైనా ఊరికి డివైజ్ పంపిస్తే, యాప్ మన ఫోన్లో వేసుకుని బెంగళూరు నుంచి మోటరు తిప్పే సరదా పక్కన పెడదాం. బోరు దగ్గర ఉండే మనిషికి ఆ బాక్స్‌లో ఏ లైటు వెలిగితే ఏంటో, ఏ స్విచ్ తిప్పితే ఆగుతుందో పండక్కి ఊరెళ్లినప్పుడు పక్కన కూర్చుని చూపిద్దాం.